పిలుస్తాను, కూర్చోండి

"బల్ల మీద ఆ పెద్దాయన ఎవరు? మళ్ళీ వచ్చాడు!"

జనన మరణాల కౌంటర్లోంచి తొంగి చూస్తూ అడిగింది గుమాస్తా.

"తెలీదు మేడమ్. పది రోజులుగా వస్తున్నాడు. అడిగినవాళ్ళకల్లా ఫారాలు నింపి పెడుతున్నాడు," అన్నాడు వాచ్‌మన్.

దళారీ! ఆమెకి అర్థమైపోయింది. ఊరికే ఇంత చాకిరీ ఎవరు చేస్తారు? రేపే తనిఖీ. అధికారి కంట్లో పడ్డాడంటే తన ఉద్యోగానికే ఎసరు.

విసవిసా బయటికి నడిచింది.

"ఏమండీ, దుకాణం ఇక్కడే తెరిచారా?"

ఆయన కంగారుగా లేచాడు. "అది కాదమ్మా, నా..."

"ఆ కథలేవీ నాకు చెప్పకండి. రేపట్నుంచి ఈ ఛాయల్లో కనబడొద్దు."

ఆయన చేతిలో ఫారం సగమే నిండింది. దాన్ని పక్కనున్న ఆవిడకి ఇచ్చేశాడు.

"తండ్రి పేరు గడి వదిలెయ్యకు తల్లీ, ఆపేస్తారు," అని మెల్లగా మెట్లు దిగాడు.

పీడ వదిలిందనుకుంది గుమాస్తా.

మర్నాడు తనిఖీ అధికారి దరఖాస్తుల కట్టలన్నీ తిరగేశాడు.

"పది రోజుల్లో ఒక్క దరఖాస్తూ తిప్పి పంపలేదే! ఒక్క కొట్టివేత లేదు! ఎవరితో ఏం చెప్పారో మార్జిన్లో ఎర్రసిరాతో రాసుకునే అలవాటు కూడా బాగుంది. ప్రశంసాపత్రానికి మీ పేరే రాస్తున్నానమ్మా."

పక్క సీట్లవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆమె మురిసిపోయింది.

అధికారి వెళ్ళాక ఆ కట్టలు మళ్ళీ విప్పింది.

అన్ని ఫారాల్లోనూ ఒకే గుండ్రటి రాత.

నవ్వు మొహం మీద నిలవలేదు. ఆ చప్పట్లు తనవి కావు.

"ఆయన ఎవరి దగ్గరైనా ఏమైనా పుచ్చుకున్నాడా?" వాచ్‌మన్‌ని అడిగింది.

"అబ్బే! పెన్ను కూడా ఆయనదే మేడమ్. తిండికి కూడా లేచేవాడు కాదు. లేస్తే పిలుపు వినబడదేమో అనేవాడు."

"ఎవరి పిలుపు?"



ఆమె కౌంటర్లోకి పరిగెత్తింది. గబగబా పెండింగ్ దరఖాస్తుల ట్రే వెతికింది.

అట్టడుగున ఒక్క ఫారం మిగిలింది. పది రోజుల కిందటిది. అదే గుండ్రటి రాత.

భార్య మరణ ధ్రువపత్రం కోసం ఓ భర్త పెట్టుకున్న దరఖాస్తు.

అందులో తండ్రి పేరు గడి ఖాళీ.

మార్జిన్లో ఎర్రసిరాతో, తన చేతిరాతలోనే ఉంది: 'ఒక తప్పుంది. కూర్చోమన్నాను. పిలవాలి.'