ఊయల మీది అమెరీషియం

"ఈ విషాన్ని పాప ఊయల మీద బిగిస్తావా?" స్టూలెక్కి పొగ అలారాన్ని ఊడబెరుకుతూ భర్త మండిపడ్డాడు. "లోపల అమెరీషియం ఉందట! మనుషులు రియాక్టర్లో పుట్టించిన రేడియోధార్మిక మూలకం!"

"ఇసుక రేణువంత కూడా ఉండదు. కాగితం అడ్డుపెడితే దాని కిరణాలు ఆగిపోతాయి." భార్య గొంతూ లేచింది. "వాటికి పొగ అడ్డొస్తేనే అలారం మోగుతుంది."

"ఇందాక ఊరికే గోలపెట్టి పాపను లేపేసిందిగా!"

"ఊరికేనా, బావా? పొయ్యి వెలిగించలేదు. నేను స్నానానికెళ్ళాను. ఈ గదిలో ఉన్నది పాప, నువ్వు."

అతనికి తెలియకుండానే చెయ్యి చొక్కా జేబును కప్పింది.

"సిగరెట్లు మానేశానని పాప తల మీద చెయ్యేసి ఒట్టేశావు."

అతను ఊడిన అలారాన్ని పట్టుకుని స్టూలు దిగబోయాడు.

"దాన్ని మళ్ళీ బిగించు. ఈ ఇంట్లో నాకు నిజం చెప్పింది అదొక్కటే."