చేతి తూకం

“నువ్వు మళ్ళీ బరువెక్కావు” అన్నాడు క్యాచర్, ఊయల దిగుతూనే.

ఆమె అప్పటికే వలలో పడి, లేచి, తాళ్ళకు ఒరుసుకున్న మోచేతిని చూసుకుంటోంది. ప్రాక్టీసులో ఆ వారం పడడం అదేమీ మొదటిసారి కాదు. సర్కసు పోస్టర్ల మీద ఆమె పేరు పిచ్చుక. ఆ పేరు పెట్టింది కూడా ఈ క్యాచరే. మేనత్త కొడుకు, మొగుడు, ఊయలకు తలకిందులుగా వేలాడుతూ గాల్లో ఎగిరొచ్చే ఆమె మణికట్లు పట్టుకునే మనిషి. ముగ్గురూ ఒక్కడే. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు. పట్టుకునేవాడు మనవాడైతే ఎంతెత్తున ఎగిరినా భయం లేదని ఆమె ఇన్నాళ్ళూ అనుకుంది.

ఆ సర్కసులో ఒక ఆచారం ఉంది. ఊయల మీద ఎగిరేవాళ్ళు తూకం మిషను ఎక్కకూడదు. ఎక్కితే బుర్రలో అంకె పడుతుందట. అంకె పడితే మనిషి పడుతుందట. అందుకని బరువు చెప్పే అధికారం క్యాచర్ చేతులదే. అవి ఎంతంటే అంత.

క్యాచర్ బరువెక్కిందన్నాడు గనక, సర్కసంతటికీ ఆమె లావుగా కనిపించడం మొదలైంది. వంటమనిషి ఆమె పళ్ళెంలో రెండు గరిటెలకు బదులు ఒకటే వేసి, అదీ ఎక్కువేమోనన్నట్టు చూసింది. బఫూన్ తన వదినగారి తోడికోడలికి ఇలాగే అయిందనీ, ఇది ఖాయంగా థైరాయిడేననీ తేల్చేశాడు. ఎర్ర ముక్కు పెట్టుకుని చెప్పినా రోగం పేరు రోగం పేరే కాబట్టి అందరూ నమ్మారు.

“మరి నా డ్రెస్సు వదులైందేం?” అని ఆమె అడిగింది.

థైరాయిడ్ బరువు పైకి కనపడదనీ, లోలోపలే ఎక్కుతుందనీ బఫూన్ వివరించాడు. డ్రెస్సులు కుట్టేది అత్త, అంటే క్యాచర్ తల్లి. ఆవిడ కోడలి నడుము దగ్గర పిన్నీసు పెడుతూ, ఎలాస్టిక్ పాడైపోయిందని తీర్పు చెప్పింది. కొడుకు మాట కాదనడం కంటే ఎలాస్టిక్‌ను తిట్టడం తేలిక.

మొగుడు మాత్రం చేతులు ముడుచుకు కూర్చోలేదు, పాపం. ఆమె ఒళ్ళు కరిగించే బాధ్యత నెత్తినేసుకున్నాడు. నీళ్ళ బకెట్లు ఆమె చేతనే మోయించాడు. ట్రంకుపెట్టె ఆమె చేతనే జరిపించాడు. ఆఖరికి సీసా మూత కూడా తిప్పకుండా, నువ్వే తియ్యి, కాస్త కొవ్వు కరుగుతుంది అని అందించేవాడు. పెళ్ళాం ఆరోగ్యం మీద ఇంత శ్రద్ధ ఉన్న మగాణ్ణి చూపించి సర్కసులో ఆడవాళ్ళు తమ మొగుళ్ళను దెప్పిపొడిచారు. నీ మీద బెంగతో వాడి చేతిలో టీ గ్లాసు కూడా నిలవడం లేదని అత్త కోడల్ని నాలుగు మాటలంది.

ఆమె ఒక పూట తిండి మానేసింది. తరవాత రెండో పూట కూడా. అయినా బరువు పెరుగుతూనే ఉంది, పట్టు జారుతూనే ఉంది.

ఒకరోజు మేనేజరు కబురు పెట్టాడు. వచ్చే ఊళ్ళో వల లేకుండా ఎగిరే ఫీటు ఉంది, పోస్టర్లు కూడా అచ్చయిపోయాయి. ఈలోగా డాక్టరు చేత బాగుచేయించుకుంటే సరే, లేకపోతే ఊయల ఇంకొకరికిచ్చి ఆమెను టిక్కెట్ల కిటికీలో కూర్చోబెడతానన్నాడు. అక్కడ ఎంత బరువున్నా కుర్చీయే మోస్తుందని జోకు కూడా వేశాడు. ఇంత హాస్యం తనే చేయగలిగినవాడు బఫూన్‌కు జీతం దేనికిస్తున్నాడో తెలియదు.

ఆమెకు నవ్వు రాలేదు. నడక సరిగ్గా రాకముందే ఊయల నేర్చుకున్న మనిషి. నేల మీద తనకు పనేముందో ఆమెకు తెలియదు. డేరా వెనక ఆరేసిన బట్టల చాటున కూర్చుని, ముక్కు ఎర్రబడేదాకా ఏడ్చింది.

మొగుడూ పెళ్ళాం ఆస్పత్రికి వెళ్ళారు. ఆమె రక్తం ఇచ్చింది, రిపోర్టులు వచ్చాయి. డాక్టరమ్మ అన్నీ తిరగేసి, థైరాయిడ్ శుభ్రంగా ఉందంది.

“ఎలా ఉంటుందండీ, రోజురోజుకీ బరువెక్కిపోతుంటే?” అన్నాడు క్యాచర్.

తనే చూద్దామని రిపోర్టులు అందుకున్నాడు. అవి జారి నేలంతా పరుచుకున్నాయి. అలవాటు కొద్దీ ఆమే వంగి ఏరింది.

డాక్టరమ్మ ఆమెను తూకం మిషను ఎక్కమంది. ఆమె మొగుడి వైపు చూసింది. తమ వృత్తిలో మిషను ఎక్కరనీ, తన చేతులు చెప్పిన బరువు ఏనాడూ తప్పలేదనీ అతను కాస్త గొప్పగానే చెప్పుకున్నాడు. డాక్టరమ్మ వినిపించుకోలేదు. ఆమె కళ్ళు గట్టిగా మూసుకుని ఎక్కింది.

“చెప్పండి, ఎంత పెరిగింది?” అన్నాడు అతను.

డాక్టరమ్మ మిషను మీద మనిషిని అక్కడే వదిలేసి, అతని ఎదుటికి కుర్చీ లాక్కుని, తన రెండు వేళ్ళు ముందుకు చాపి, “ఈవిడకు ఉండాల్సినంత బరువే లేదు, మీరు బలమంతా పెట్టి వీటిని పట్టుకోండి చూద్దాం” అంది.