విప్పని జాకెట్

"జాకెట్ ఇప్పు చిన్నమ్మా. అందరూ చూస్తాండారు," అన్నాడు శ్రీనివాసులు, పక్కవాళ్లకు వినబడకుండా.

అంజనమ్మ విప్పలేదు. పైగా జిప్పు మెడదాకా లాక్కుంది.

ఏప్రిల్ నెల. పెనుకొండ కల్యాణమండపంలో ఫ్యాన్లు వేడిగాలినే కిందికి తోస్తున్నాయి. అరవై మూడేళ్ల మనిషి, నూలుచీర మీద నల్లటి పాత తోలు జాకెట్ వేసుకుని వేదిక మీద మొదటి కుర్చీలో కూర్చుంది. పక్కనే ఖాళీ అద్దాల పెట్టె. దాని కింద ఇత్తడి పలక మీద "చౌడప్ప, ధర్మవరం. ముప్పై ఏళ్లు బెంగళూరు దారిని ఏలిన రైడర్" అని చెక్కి ఉంది.

హిందూపురం పాత మోటార్ సైకిళ్ల సంఘం ఏటా జరిపే సభ అది. చౌడప్ప పోయి రెండేళ్లయింది. ఆయన జాకెట్‌ను సంఘం ఆఫీసులో శాశ్వతంగా పెట్టాలన్న ఆలోచన శ్రీనివాసులుదే. చౌడప్పకు అతను అన్నకొడుకు, ధర్మవరంలో చీరల అంగడి నడుపుతున్నాడు. చిన్నమ్మ సంతోషిస్తుందనుకున్నాడు గానీ ముందుగా ఒక మాట అడగాలని తోచలేదు.

చౌడప్ప పట్టుచీరలు నేసేవాడు. నేసిన వాటిని బెంగళూరు అంగళ్లకు వేయడానికి మొగుడూ పెళ్లాం పాత బండి మీద తెల్లవారకముందే బయల్దేరేవాళ్లు. వీధిలో వాళ్లకు నిద్ర చెడుతుందని చౌడప్ప బండి స్టార్ట్ చేయకుండా ఊరి చివరిదాకా తోసుకుపోయేవాడు. ఆ మంచితనాన్ని వీధిలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

మొదటి జాకెట్ చలికని కొన్నదే. తర్వాత అదొక పిచ్చి అయింది. చీరలు అమ్మిన ప్రతిసారీ బెంగళూరు పాతబట్టల సంతలో దూరేవాళ్లు. ఇంగ్లీషువాళ్ల కాలం నాటిది ఒకటి, ఉన్ని కాలరుది ఒకటి, మిలిటరీ నుంచి రిటైరైన గోరంట్ల సాల్మన్ దగ్గర కొన్నది ఒకటి, అలా తొమ్మిది చేరాయి. చౌడప్ప బక్కపలచటి మనిషి, చిన్న సైజువి వెతికి వెతికి తెచ్చేవాడు. అంజనమ్మ వాటికి నూనె రాసి నీడలో ఆరేసేది.

ఆయన పోయాక ఆమె వాటిని వేసుకుని తిరగడం మొదలుపెట్టింది. సంతకైనా, పిండిమిల్లుకైనా, బ్యాంకుకైనా అదే వేషం. దిగులుతో మతి చెడిందని వీధి అనుకుంది. మగడు పోయినామెకు ఇదేం సోకని కొందరు మొహం మీదే అడిగారు. ఆమె ఆగలేదు. పోయినేడు పదోది కూడా కొన్నది. ఇప్పుడెవరికని శ్రీనివాసులు అడిగితే నాకేనంది. చిన్నాయన జ్ఞాపకం కోసం వేసుకుంటోందని అతనే నలుగురికీ సర్దిచెప్పేవాడు. ఆ మాట చెవినపడినప్పుడల్లా ఆమె నవ్వేది.

ఇప్పుడు సంఘం అధ్యక్షుడు హనుమంతప్ప వచ్చి జాకెట్ ఇమ్మని చెయ్యి చాపాడు.

"అద్దాల్లో పెడితే తోలు ఎండి పగులుతాదప్పా," అంది అంజనమ్మ. "ఒంటిమీద ఉంటేనే మెత్తగా ఉంటాది."

ఆమె మనసు కరిగించాలని శ్రీనివాసులు మైకు అందుకున్నాడు. పన్నెండేళ్లప్పుడు తాను చూసిన సంగతి చెప్పాడు. బస్సులో హిందూపురం పోతుంటే ఇదే పెనుకొండ కొండ మలుపులో ఒక బండి వాళ్ల బస్సును దాటిపోయింది. హెల్మెట్, ఈ నల్ల జాకెట్, మోకాలు రోడ్డుకు రాసుకుంటుందా అన్నంతగా వంచిన బండి. వెనక చీరల మూట పక్కన తల మీంచి దుప్పటి కప్పుకుని, ముందున్న మనిషి నడుం గట్టిగా పట్టుకుని ముడుచుకున్న చిన్నమ్మ. తన చిన్నాయన లాంటి రైడర్ ఈ జిల్లాలో లేడని ఆ రోజే అనుకున్నానన్నాడు. కొడికొండ దగ్గర బండి జారి ఇద్దరూ పడిన సంగతీ చెప్పాడు. జాకెట్ మోచేయి దగ్గర చిరిగింది గానీ చిన్నాయనకు గీత కూడా పడలేదనీ, పాపం చిన్నమ్మ చెయ్యే విరిగిందనీ, ఈ తోలు అంత గట్టిదనీ అనగానే మండపం చప్పట్లతో మోగింది.

చప్పట్లు ఆగేదాకా ఉండి అంజనమ్మ లేచింది. ఇత్తడి పలక దగ్గరకు నడిచి, చౌడప్ప పేరు మీద వేలు పెట్టింది.

"ఈ పేరు తీసేయండి."

హనుమంతప్ప మొహం మాడిపోయింది. ఊరికి తెలిసిన మనిషి పేరు, ఆయన భార్యే వద్దంటే సంఘం పరువేం కావాలని గొణిగాడు. మొదటి వరసలో ఉన్న శ్రీనివాసులు భార్య మంజులత తల వంచుకుంది. రెండేళ్లుగా చిన్నమ్మను వెనకేసుకొచ్చినందుకు శ్రీనివాసులు మొదటిసారి నొచ్చుకున్నాడు. మనిషిని చంపినా ఇంత పాపం ఉండదనిపించింది అతనికి.

"మొగుని పేరు చెరిపేదాన్ని నిన్నే చూస్తాండా," అన్నాడు. "ఆయన నీకు ఏం తక్కువ చేసినాడు?"

"ఏం తక్కువ చేయలేదు. బంగారట్లాంటి మనిషి. ఆయన మాదిరి మగ్గం నేసేవాళ్లు ధర్మవరంలో లేరు. ఆ సంగతి ఎంత పెద్దగా అయినా రాయించు, నేనే దండ ఏస్తా. దీని మీద మాత్రం వద్దు."

"ఎందుకు వద్దు?"

"ఆయన బతికున్నన్నాళ్లూ నేను చెప్పలేదు, నలుగురూ ఆయన్ని నవ్వుతారని. ఇంక నేను కూడా పోతే ఈ పలకే నిజమైపోతాది."

హనుమంతప్ప మైకు ఆమె ముందుకు జరిపాడు. ఆమె దాన్ని పక్కకు నెట్టి, చివరి వరసదాకా వినబడేలా గొంతు పెంచింది.

"మీ చిన్నాయనకు బండి తోలేకే రాదు, శీనా."