పది నిమిషాలు

డాక్టరమ్మ వేలితో నొక్కిన చోట అతని భార్య పాదం మీద గుంట పడింది. ఎంతకీ పూడలేదు.

"ఒంట్లో నీరు చేరింది. బీపీ దిగలేదు, కిడ్నీలూ దెబ్బతింటున్నాయి. నీరు లాగే మాత్ర రోజూ వేసుకుంటున్నారా?"

"నెలనెలా నేనే తెచ్చిస్తున్నానండీ," అన్నాడతను.

"అయితే డోసు పెంచాల్సిందే."

"పెంచకండి," అంది భార్య మెల్లగా. "సెలవు రోజుల్లోనే వేసుకుంటున్నా."

అతనికి ఒళ్లు మండింది. "ప్రాణం మీదికి తెచ్చుకుంటావా? ఓ మాత్ర మింగడానికి ఏం రోగం నీకు?"

ఆమె అతని వైపు చూడలేదు. "అది వేసుకుంటే అరగంటకోసారి బాత్రూముకి పరిగెత్తాలి డాక్టరుగారూ. నేను బస్సు కండక్టర్ని. ఎక్కితే నాలుగు గంటలు దిగేది లేదు. అందుకే డ్యూటీలో నీళ్లు కూడా తాగను."

"మధ్యలో ఓ పది నిమిషాలు ఆపరా?"

"ఇదివరకు ఆపేవాళ్లు."

"మరి ఆ టైములు వేసే మహానుభావుడెవరండీ?"

భార్య వంగి, వాచిన పాదాన్ని చెప్పులో ఇరికించుకుంటోంది.



"డిపోలో ఆ టైముల చార్టు వేసేది నేనేనండీ," అన్నాడతను. "ఆ పది నిమిషాలు కొట్టేసిందీ నేనే."