తెర అడుగున పచ్చ గీత

పచ్చ గీత మళ్లీ మిణుకుమంది.

ప్రమీల వేళ్లు మీటల మీద ఆగిపోయాయి.

అది ఎనభై తొమ్మిది వానాకాలం. హైదరాబాదు నుంచి ఉత్తరాలు టెలిఫోను తీగ వెంట నేరుగా కంప్యూటరులోకి వచ్చి చేరడం వరంగల్లులోని ఆ సర్కారు కార్యాలయానికి ఆరు నెలల ముచ్చట.

ఉత్తరాల ప్రోగ్రామును మూసి వేరే పనిలో పడితే, అది తెర అడుగుకు దిగి ఒక సన్నని గీతగా ముడుచుకునేది. కొత్త ఉత్తరం వస్తే ఆ గీత మిణుకుమిణుకుమనేది. తెరిచి చూసేదాకా ఆగేది కాదు.

"సార్, ఈ గీత నా పానం తీస్తాంది," అంది ప్రమీల, గది బాధ్యుడైన కృపానందంతో. "తెరిస్తే అన్నీ సెలవుల సర్క్యులర్లే. చూసొచ్చేవరకు ఏ పేరు కాడ ఆగిన్నో మర్చిపోతాన."

"మర్చిపోతే ఎట్లనమ్మా? ఇయ్యాల ఐదింటికల్ల రేషన్ కార్డుల జాబితా ఇయ్యకుంటే, నిన్ను పర్మనెంట్ చెయ్యమని నేను ఏ మొకం పెట్టుకొని అడగాలె?"

ఆ మాట ఆమె గుండెలో దిగబడింది. కాశిబుగ్గలో నాన్న మగ్గం ఆగి రెండేళ్లు. ఇంట్లో నలుగురి కంచాల్లోకీ ఆమె తాత్కాలిక కొలువే అన్నం.

"గీతను తీసెయ్యచ్చా సార్?"

"సెట్టింగులల్ల మార్చుకోవచ్చు. మూస్తే గీత లెక్క ఉండకుంట మొత్తానికే మాయమైతది. కని, గంటకోపారి నీకు నువ్వే తెరిచి చూసుకోవాలె."

"చూస్త సార్. ఒట్టు."

ప్రమీల తన చేతులతోనే మార్చింది. గీత పోయింది. తెర అడుగు నల్లగా, నిద్రపోయిన నీటిలా నిశ్చలమైంది.

పేర్లు పరుగెత్తసాగాయి. బయట ఐదో రోజు వాన.

పన్నెండు దాటింది. ఒంటిగంట దాటింది. ఆమె తలెత్తలేదు.

గది అద్దపు గోడ మీద ఎవరో వేలితో తట్టారు.

ఆ చల్లగదిలోకి చెప్పులతోగాని, తడికాళ్లతోగాని ఎవరినీ రానివ్వరు. వచ్చినవాళ్లు అద్దానికి కోసిన చిన్న కిటికీ దగ్గరే నిలబడాలి. నాలుగు రోజులుగా అక్కడ నిలబడుతున్న ముసలాయనే మళ్లీ వచ్చాడు. గొంగడి అంచు నుంచి నీళ్లు కారుతున్నాయి.

"బిడ్డా, పట్నం నుంచి ఏమన్న అచ్చిందా?"

"నీ పింఛన్ కాయితం ఈ డబ్బల రాదని ఎన్నిమాట్ల చెప్పాలె తాతా?"

ముసలాయన బోసినోటితో నవ్వాడు. "నా కాయితం కాదు బిడ్డా. జర ఒక్కపారి చూడరాదు? రెండింటి బస్సుకు పోవాలె."

గడియారం ఒకటీ నలభై చూపుతోంది. ఇంకా మూడు వందల పేర్లున్నాయి.

ప్రమీల తెర అడుగుకు చూపు దించింది. అక్కడ ఏదీ మిణుకుమనడం లేదు. మిణుకుమనలేదంటే ఉత్తరం రానట్టే. అది ఆరు నెలల అలవాటు. ఆ పూట మనసు కంటే అలవాటే ముందు పలికింది.

"చూసిన తాతా. ఏం రాలే."

"నువ్వే చూసినవా బిడ్డా?"

"నా కండ్లతోని చూసిన. పో, నిమ్మలంగ పో."

"మంచి మాట చెప్పినవు. సల్లగుండు."

కాగితం రాలేదంటే ఈ ముసలాయన ఎందుకింత సంబరపడుతున్నాడో ప్రమీలకు అర్థం కాలేదు. అర్థం చేసుకునే తీరిక కూడా లేదు.

ఐదింటికి జాబితా కృపానందం బల్ల మీద ఉంది.

"శభాష్," అన్నాడాయన.

మరునాడు పొద్దున ఉత్తరాలు తెరిచింది. ఏడు సర్క్యులర్లు. ఎనిమిదో ఉత్తరం నిన్న పన్నెండూ ఇరవైకి వచ్చింది.

'ఎగువన గోదావరి ఉప్పొంగుచున్నది. ఈ రాత్రికి ఏటూరునాగారం దిగువ గూడెములు మునుగు ప్రమాదము. వెంటనే ఖాళీ చేయించవలెను.'

కృపానందం ఫోను తిప్పాడు. మళ్లీ తిప్పాడు. అటువైపు తీగలన్నీ తెగిపోయి ఉన్నాయి.

ఆ రోజు ప్రమీల అన్నం ముట్టలేదు. ఆ మరునాడు ఆమెను పర్మనెంట్ చేస్తూ ఉత్తర్వు వచ్చింది. సంతకం పెట్టకుండానే దాన్ని సొరుగులో పెట్టేసింది.

నాలుగో రోజు కిటికీ దగ్గర ఒక ఆడమనిషి నిలబడింది. చీర నిండా ఎండిన బురద.

"కంపూటర్ కాడ కూసునే బిడ్డవు నువ్వేనా?"

"నేనేనమ్మా. నువ్వెవరు?"

"సమ్మమ్మనంటరు. గోదారొడ్డు గూడెం మాది. మా మొగిలయ్య తాత నీకాడికి వస్తుండె గద."

"పింఛన్ కోసం వచ్చే తాతనా? ఏడున్నడు?" అడిగింది ప్రమీల.

"నీళ్లు తగ్గినంక బురదల దొరికిండు." సమ్మమ్మ కొంగుతో మొహం అదుముకుంది. "ఆయనకు ఏ నౌకరీ ఉన్నదని పింఛనొస్తది బిడ్డా? నీళ్లల్ల పోంగ మిగిలిన నలుగురం ఒక్క మాట మీద లేము. తాత ఇక్కడిదాంక రాకుండనే అబద్ధమాడిండని కొందరంటాండ్లు. ఆయన ఎన్నడు అబద్ధమాడలే. నిన్నొక్క మాట అడిగి పోదామని వచ్చిన. ఆనాడు నిజంగ వచ్చిండా?"

"వచ్చిండు," అంది ప్రమీల.

"మా ఏడు గూడాలకు ఫోను లేదు, తొవ్వ లేదు, పదేండ్ల సంది వాన వడ్డన్ని దినాలు ఈడికొచ్చి, నీళ్ల కబురు అడిగి, ఇంటింటి తలుపు కొట్టి మమ్ముల గుట్ట ఎక్కిచ్చెటోడు ఆయనొక్కడే," అంది సమ్మమ్మ, "ఆనాడు గూడ అన్ని తలుపులు కొట్టిండు, 'ఏ కబురు రాలేదని ఆ బిడ్డ కండ్లార చూసి చెప్పింది, నిమ్మలంగ పండుకోండ్రి' అని."