ఒక్క కోనే పడింది

డ్రైవింగ్ టెస్టు దరఖాస్తు కాగితాన్ని జేబులో కుక్కుకుని వెళ్ళిపోబోతున్న కుర్రవాడి చొక్కా పట్టుకుని ఆపింది పక్క కుర్చీలోని పెద్దావిడ.

"ఎక్కడికి బాబూ? తర్వాత పిలుపు నీదేగా."

"రెండుసార్లు ఫెయిలయ్యానండీ. ఆ ఇన్‌స్పెక్టర్‌ని చూస్తేనే బ్రేకేదో క్లచ్చేదో మర్చిపోతాను. ఇవాళ లైసెన్సు రాకపోతే బేకరీ వ్యాను ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. ఎలాగూ పోయేదే."

"రెండేనా?" ఆవిడ ముఖం వెలిగిపోయింది. "నాకిది ఏడోసారి. బైబిల్లో యెరికో కోట గోడలు కూడా ఏడో రోజుకే పడ్డాయి."

"అక్కడ గోడలు పడాలి. ఇక్కడ బండి తగిలి కోను పడకూడదు కదండీ."

ఆవిడ పకపకా నవ్వింది. అతనికీ నవ్వు ఆగలేదు.

"ఆరుసార్లు ఫెయిల్ చేసినా, ఆ మనిషి మీద మీకు కోపం రాలేదా?"

"ఎందుకూ? రోజూ అతని కోసం ప్రార్థన చేస్తాను. ఇప్పుడు నీ కోసమూ చేస్తాను, వెళ్ళు."

"నాకు ప్రార్థనలవీ రావండీ."

"నాకొచ్చుగా. ఆ పని నేను చూసుకుంటా, నువ్వు బండి చూసుకో."

టెస్టులో బండి రివర్సు చేస్తుంటే అతనికి అద్దంలో ఆవిడే కనిపించింది. కళ్ళు మూసుకుని, చేతులు జోడించి, పెదాలు గబగబా కదుపుతోంది. తన గురించి దేవుడికి ఇంత గట్టిగా సిఫారసు చేసినవాళ్ళు ఇంతవరకూ లేరు. బెదురు ఎటు పోయిందో తెలియలేదు. బండి రెండు కోన్ల మధ్య బుద్ధిగా వెళ్ళి ఆగింది.

"పాస్," అన్నాడు ఇన్‌స్పెక్టర్. కుర్రవాడికి అక్కడే ఎగిరి గంతెయ్యాలనిపించింది.

తర్వాత ఆవిడ తన కారు ఎక్కింది. అంతా బాగానే సాగింది గానీ, చిట్టచివర ఒక కోను దొర్లిపోయింది.

"ఫెయిల్."

ఆవిడ నవ్వుకుంటూ దిగింది. "ఒక్కటే పడింది బాబూ. పోయినసారి మూడు. దేవుడికి స్తోత్రం."

కుర్రవాడికి మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఇందాకటి భయమంతా మర్చిపోయి నేరుగా ఇన్‌స్పెక్టర్ ముందుకెళ్ళి నిలబడ్డాడు.

"పెద్దావిడ సార్. ఒక్క కోనే కదా, చూసీచూడనట్టు వదిలేయొచ్చుగా."

"వదిలేస్తే ముందు ఆవిడే ఊరుకోదు," అన్నాడు ఇన్‌స్పెక్టర్, తలెత్తకుండా రాసుకుంటూ.

"ఆవిడ సంగతి మీకేం తెలుసు సార్? రోజూ మీ కోసం ప్రార్థన చేస్తోంది."

ఇన్‌స్పెక్టర్ కలం మూత పెట్టాడు.

"తెలుసయ్యా. పొద్దున్నే ఆ ప్రార్థనకేగా నాకు మెలకువ వచ్చేది," అంటూ ఆవిడ వైపు చెయ్యి చాపాడు. "తాళం ఇలా ఇవ్వమ్మా, నాన్న భోజనానికి చూస్తుంటాడు. ఇవాళ కూడా ఇంటికి నేనే నడుపుతాను."