పలకరింపు సర్టిఫికెట్

పనులన్నీ యంత్రాలే చేసేస్తున్న రోజుల్లో, ఉత్త డిగ్రీతో ఉద్యోగం కోసం రెండేళ్లు తిరిగి విసిగిపోయింది నీలవేణి. చివరికి మనుషులకు మాత్రమే ఇచ్చే సర్టిఫికెట్ ఒకటి ఎంచుకుని అమీర్‌పేటలో కోర్సుకు చేరింది. దాని పేరు పలకరింపు. అది చేతికొస్తే ఆసుపత్రిలో రోగుల్ని పలకరించే ఉద్యోగం ఖాయం.

పాఠాలన్నీ ఒంటరి హాస్టల్ గదిలో, తెర మీదే. ఆఖరి పరీక్షకు మాత్రం ఎదురుగా నిజం మనిషి కూర్చుంది, మార్కులు వేసే సరళాదేవి అనే పెద్దావిడ.

"భోంచేశారా అండీ?" నేర్చుకున్నట్టే అడిగింది నీలవేణి.

"ఆఁ, చేశాను. నువ్వు తిన్నావా తల్లీ? మొహం అలా పీక్కుపోయిందేం?"

ఆ మాట తననెవరైనా అడిగి ఏడాది దాటింది. పరీక్ష సంగతే మరచిపోయి, ఉన్న పది నిమిషాలూ తన కబుర్లే చెప్పుకుంది.

"పలకరించాల్సింది నువ్వు కదే పిచ్చిపిల్లా! పోనీలే, పాస్ చేస్తున్నా."

"ఫెయిలైతే మళ్లీ పరీక్ష ఎప్పుడండీ?"

"వచ్చే మంగళవారం, నా దగ్గరే."

"అయితే ఫెయిల్ చేసెయ్యండి."